ఆగస్టులో రికార్డయిన చలికాలం

డిసెంబరు మొదటి వారం వస్తే చాలు, నా ఫోన్‌లోని మ్యూజిక్ యాప్ నాకు స్వెట్టర్ తొడగడానికి తయారవుతుంది. ‘వింటర్ జాజ్’, ‘స్నోయీ నైట్ జాజ్’, ‘కాఫీ అండ్ జాజ్’ అంటూ ప్లేలిస్టులు వరసగా వచ్చి నిలబడతాయి. యూట్యూబ్‌లో అయితే మరీను. పది గంటల వీడియో. ఒక చెక్క ఇల్లు, చిటపటలాడే కట్టెల మంట, కిటికీ బయట ఎప్పటికీ ఆగని మంచు, వెనకాల ఎవరు వాయిస్తున్నారో పేరు కూడా లేని పియానో. నేనుండేది కొండాపూర్‌లో. బయట పదిహేను డిగ్రీలు. వాచ్‌మన్ మంకీ క్యాప్ పెట్టుకున్నాడు, అంతే మన చలికాలం.

వెక్కిరించడానికి చెప్పట్లేదు. ఆ ప్లేలిస్టుల మీద నేను మూడేళ్ళు బతికాను. అమెరికా వాళ్ళకి తెల్లారే వేళకి మనకి రాత్రి మొదలవుతుంది కదా, నా కోడ్ రివ్యూల్లో సగం ఆ కట్టెల మంట ముందే జరిగాయి. పనికొస్తాయి. ఏసీ హోరునీ పక్క క్యూబికల్లో కాల్‌నీ కప్పేస్తాయి. కాకపోతే దుప్పటి కూడా కప్పే పనే చేస్తుంది. దుప్పటి గురించి ఎవరూ వ్యాసం రాయరు.

నిజమైన చలి నాకు తెలిసింది ఒక్కసారే. ఆన్‌సైట్ అని మినియాపొలిస్ పంపితే జనవరి నుంచి మార్చి దాకా ఉన్నాను. మైనస్ ఇరవైలో బస్ స్టాపులో నిలబడితే ముక్కులో వెంట్రుకలు గడ్డకడతాయని ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ మూడు నెలల్లో నేను ఒక్క జాజ్ రికార్డు కూడా వినలేదు. ఇళయరాజాని విన్నాను. గదిలో హీటర్, చెవిలో ‘గీతాంజలి’. (అది కూడా ఊటీ పొగమంచు సినిమానే అనుకోండి.) చలిలో ఉన్నవాడికి చలికాలపు సంగీతం అక్కర్లేదని అప్పుడే అనుమానం వచ్చింది. మరి ఈ ‘వింటర్ జాజ్’ ఎవరికోసం? ఆ పియానోలో మనకి మంచులా వినిపించేది అసలేమిటి?

వాతావరణం కాదని తేల్చడం సులువే. ప్రతి క్రిస్మస్‌కీ మోగే ‘ది క్రిస్మస్ సాంగ్’ని మెల్ టోర్మే, బాబ్ వెల్స్ రాసింది 1945లో, మండే ఎండాకాలంలో. చల్లని విషయాల గురించి రాస్తే కాస్త చల్లబడొచ్చని మొదలుపెట్టారట. ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’కి 1965లో సంగీతం చేసిన విన్స్ గరాల్డీ శాన్‌ఫ్రాన్సిస్కో మనిషి, అందులో పాడిన పిల్లలు శాన్ రఫాయెల్ చర్చి కాయిర్ వాళ్ళు. ఆ ఊళ్ళో మంచు పడితే పేపర్లో వేస్తారు. అయినా అందులోని ‘స్కేటింగ్’ వింటే మూడు మాత్రల నడక మీద మెట్లు దిగే పియానో స్వరాల్లో మంచురేకులు కనపడని మనిషి లేడు.

ఇక నిజంగా చలికాలంలో పుట్టిన రికార్డుల సంగతి. కీత్ జారెట్ కొలోన్ కచేరీ 1975 జనవరి 24 రాత్రి పొద్దుపోయాక మొదలైంది. వాళ్ళు అడిగిన పియానో కాక చిన్నదీ సరిగ్గా పలకనిదీ ఒకటి స్టేజి మీద ఉండిపోయింది. పై స్థాయి రేకులా మోగుతుంది, కింది స్థాయిలో బరువు లేదు. దాంతో జారెట్ మధ్యలోనే తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే వరసని మళ్ళీ మళ్ళీ తిప్పుతూ గంటకి పైగా వాయించాడు. అందులో మంచేమీ లేదు. అది మనిషి చేతులు రుద్దుకుంటూ వేడి పుట్టించుకోవడం. బిల్ ఎవాన్స్ ‘పీస్ పీస్’ కూడా అంతే. 1958 డిసెంబరు 15న న్యూయార్క్‌లో రికార్డయింది. ఎడమచెయ్యి రెండు కార్డ్‌ల మధ్య ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా. చలిలో వాయించినవాళ్ళు మంట రాజేసుకున్నారని ఒక సిద్ధాంతం చెయ్యొచ్చు. రెండు డేటా పాయింట్లు దొరగ్గానే గీత గీసెయ్యడం మా ఇంజనీర్ల జబ్బు, కాబట్టి దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

నేను చెప్పాలనుకున్నది ఇంకో బిల్ ఎవాన్స్ రికార్డు గురించి. ‘యూ మస్ట్ బిలీవ్ ఇన్ స్ప్రింగ్’. వసంతాన్ని నమ్మాలి అని పేరు. ఏ వింటర్ జాజ్ జాబితా తీసుకున్నా ఇందులోంచి ఒక్క ట్రాకైనా ఉంటుంది. అట్ట మీద పేరులోనే చలికాలం ఉంది కదా. వసంతాన్ని నమ్మమని చెప్పాల్సి వచ్చేది చలికాలంలో ఉన్నవాడికే. ఇది రికార్డయింది 1977 ఆగస్టు 23, 24, 25 తేదీల్లో, హాలీవుడ్ కాపిటల్ స్టూడియోలో. లాస్ ఏంజెలిస్‌లో ఆగస్టు అంటే ఏమిటో, అక్కడున్న మీ కజిన్‌ని అడగండి.

పియానో మీద ఎవాన్స్, డబుల్ బాస్ ఎడీ గోమెజ్, డ్రమ్స్ ఎలియట్ జిగ్మండ్. ముగ్గురే. గోమెజ్ అప్పటికి పదకొండేళ్ళుగా ఎవాన్స్‌తో ఉన్నాడు, ఈ రికార్డు తర్వాత వెళ్ళిపోయాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు తట్టింది పియానో కాదు, డ్రమ్స్. చాలాచోట్ల జిగ్మండ్ కర్రలు పట్టుకోడు, బ్రష్‌లు పట్టుకుంటాడు. సన్నటి ఉక్కు తీగల కట్ట అది. డ్రమ్ము తోలు మీద గుండ్రంగా తిప్పుతుంటే సర్‌ర్... సర్‌ర్... మని ఒక శబ్దం వస్తుంది. పాశ్చాత్య విమర్శకులకి అది మంచు మీద అడుగులనో, గాలి అనో అనిపిస్తుందేమో. నాకైతే ధనుర్మాసంలో మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తెల్లవారుజామున వాకిలి ఊడ్చే చీపురు శబ్దం. దుప్పట్లోంచి వింటుంటే లేవక్కర్లేదు, కానీ ఎవరో లేచారని తెలుస్తుంటుంది. మన చలికాలానికి అసలు దిగులు లేదు, మనకది ముగ్గుల కాలం, పెసరట్ల కాలం. ఆకులు రాలిపోయి అన్నీ చచ్చిపోయినట్టుండే శిశిరం మనం ఎక్కువగా పద్యాల్లో చూసిందే. అందుకేనేమో ఈ రికార్డు నాకు మొదట దిగులుగా వినపడలేదు. ఇంకా తెల్లారలేదు అన్నట్టు వినపడింది.

రెండో సంగతి ఎవాన్స్ ఎడమచెయ్యి. మన కచేరీల్లో తంబురా ఆధార షడ్జాన్ని ఒక్క క్షణం వదలదు కదా. పాడేవాళ్ళు ఎంత దూరం పోయినా ఇల్లు ఎక్కడుందో మన చెవికి తెలుస్తుంటుంది. జాజ్ పియానోలో ఆ పని కార్డ్ అడుగు స్వరానిది. ఎవాన్స్ ఎడమచెయ్యి చాలాసార్లు సరిగ్గా ఆ స్వరాన్నే వదిలేస్తుంది. పైనున్న మూడు నాలుగు స్వరాలు మాత్రం పట్టుకుంటుంది. అడుగు స్వరం బాస్ చూసుకుంటాడులే అని. కానీ గోమెజ్ బుద్ధిగా అడుగున కూర్చునే రకం కాదు, పైకొచ్చి కబుర్లు చెప్తాడు. (ఆ డెబ్బైల నాటి పికప్ శబ్దం నాకు నచ్చదు. బాస్ కాస్త రబ్బరు బ్యాండ్‌లా సాగుతుంది. ఈ రికార్డుని పూజించేవాళ్ళు క్షమించాలి.) అలా ఇద్దరూ వదిలేసిన కొన్ని క్షణాల్లో కార్డ్ గాల్లో వేలాడుతుంది. ఇల్లెక్కడో మన చెవే ఊహించుకోవాలి. అలవాటు లేని చెవికి అది పొగమంచులో రోడ్డులా ఉంటుంది. ఉందని తెలుసు, కనపడదు. ప్లేలిస్టులు చలికాలం అని పేరు పెట్టి అమ్మేది చాలావరకు ఈ ఖాళీనే అని నా లెక్క. జిమ్మీ రౌల్స్ రాసిన ‘ది పీకాక్స్’ ఇందులో ఐదో ట్రాక్. దాని ట్యూన్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎక్కడెక్కడో దూకుతుంది, మధ్యభాగంలో అర్ధస్వరాల మీద జారుతుంది. ఇయర్‌ఫోన్స్‌లో విని ఆ ఖాళీలు ఎక్కడెక్కడున్నాయో చూడండి. దాని ముందు కట్టెల మంట వీడియో నిలబడదు.

ఇక్కడిదాకా రాసింది బానే ఉంది. ఇప్పుడు కథ చెప్పాలి. ఈ రికార్డు గురించి రాసే ప్రతివాడూ చెప్పే కథ, నేనూ నలుగురైదుగురికి చెప్పిన కథ.

మొదటి ట్రాక్ ‘బి మైనర్ వాల్ట్జ్’. ఎలెయిన్ కోసం అని ఉంటుంది. ఎలెయిన్ షుల్ట్జ్ ఎవాన్స్‌తో చాలా ఏళ్ళు కలిసి బతికిన మనిషి. 1973లో ఆత్మహత్య చేసుకుంది. నాలుగో ట్రాక్ ‘వి విల్ మీట్ ఎగైన్’. హ్యారీ కోసం అని ఉంటుంది. హ్యారీ ఎవాన్స్‌కి స్వయానా అన్న, సంగీతం మాస్టారు. ఆయనా ఆత్మహత్యే చేసుకున్నాడు. చివరి ట్రాక్ ‘మ్యాష్’ సినిమా పాట, దాని రెండో పేరులో కూడా అదే మాట. మూడో ట్రాక్ రాసిన గ్యారీ మెక్‌ఫార్లండ్ 1971లోనే పోయాడు. ఎవాన్స్ 1980 సెప్టెంబరు 15న పోయాడు, యాభై ఒక్కేళ్ళకి, డ్రగ్స్ ఒళ్ళంతా తినేశాక. ఈ రికార్డు బయటికి వచ్చింది ఆ తర్వాత, 1981లో. అంటే విన్న మొట్టమొదటి శ్రోత దగ్గరనుంచి అందరూ దీన్ని చచ్చిపోయిన మనిషి గొంతుగానే విన్నారు. ఎవాన్స్ విషయంలో ఇది పాత అలవాటు కూడా. 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్‌లో వాయించిన పదకొండు రోజులకే బాసిస్ట్ స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచీ ఆ రికార్డులనీ జనం అలాగే వింటున్నారు.

ఈ కథ చెప్తే ఎవరైనా చప్పబడిపోయి వింటారు. అందుకే చెప్పేవాణ్ణి. అందులో నాకు కాస్త గొప్ప కూడా ఉండేది, దాచడమెందుకు.

మూడేళ్ళ క్రితం ఒక డిసెంబరు రాత్రి మాకు రిలీజ్ ఉంది. రెండు దాటింది. టెస్టింగ్ టీమ్‌లో ఒకబ్బాయి, కరీంనగర్ వైపు, నాకంటే ఐదారేళ్ళు చిన్న. బిల్డ్ కోసం ఎదురుచూస్తూ ప్యాంట్రీలో కూర్చున్నాం. “ఏం వింటున్నవన్నా ఎప్పుడు జూసినా?” అన్నాడు. నా హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. రెండో ట్రాక్, రికార్డు పేరు పెట్టిన పాట, మొదలుపెట్టాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు, ఐదున్నర నిమిషాలు, ఫోన్ ముట్టుకోకుండా. మా ఆఫీసులో అదొక రికార్డు. అయ్యాక, “ఎవర్నో దేవులాడుతున్నట్టుందన్నా” అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగాలి. ఆగలేదు. “ఇదేం విన్నావ్, దీని వెనక కథ తెలిస్తే...” అని మొదలుపెట్టి ఎలెయిన్, హ్యారీ, ఆఖరికి ఎవాన్స్, అంతా వరసగా చెప్పేశాను. ఆ వరస నాకు బాగా నలిగింది, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలుసు. నాలుగో పాట పెట్టబోతుంటే అతను హెడ్‌ఫోన్స్ తీసి, వైరు జాగ్రత్తగా చుట్టి టేబుల్ మీద పెట్టాడు.

“మా అన్న గూడ గట్లనే పోయిండన్నా. రెండేండ్లయితుంది” అన్నాడు. అని లేచి తన సీటు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకా కొన్ని టెస్ట్ కేసులు మిగిలున్నాయి.

ఆ తర్వాత రోజుల్లో అతను మామూలుగానే ఉన్నాడు. బగ్స్ మామూలుగానే వేశాడు, టీకి మామూలుగానే పిలిచాడు. ఏం వింటున్నవన్నా అని మాత్రం మళ్ళీ అడగలేదు.

నాకు తెలియదు కదా అని సర్దిచెప్పుకోవచ్చు. సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ తెలియకపోవడం ఒక్కటే కాదు నా తప్పు. అతను విని ఒక మాట చెప్పాడు. నేను దానికి జవాబు చెప్పకుండా వికీపీడియా చదివి వినిపించాను. విమర్శ పేరుతో నేను రాసిన వాటిని ఆ తర్వాత తిరగేసి చూస్తే సగం ఇదే పని. ఒక పాట, వెంటనే దాని వెనక ఒక చావు.

అతని మాట ఎంత సరైనదో నాకు ఇంకో ఆర్నెల్లకి గానీ తెలియలేదు. ‘యూ మస్ట్ బిలీవ్ ఇన్ స్ప్రింగ్’ ట్యూన్ కట్టింది ఫ్రెంచి సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాన్. జాక్ డెమీ 1967లో తీసిన ‘రోష్‌ఫోర్ అమ్మాయిలు’ సినిమా కోసం. గోడలకీ గౌన్లకీ కూడా పుదీనా రంగూ గులాబీ రంగూ పూసినట్టుండే సరదా సినిమా. అందులో మాక్సెన్స్ అని ఒక నావికుడు ఉంటాడు, చిత్రకారుడు కూడా. తన కలల అమ్మాయి బొమ్మ వేసుకుంటాడు, ఆమెని ఎప్పుడూ చూడలేదు. ఆమె కోసం వెతుకుతున్నానని పాడతాడు. ఆ పాట ఇది. ఫ్రెంచిలో అది వెతుకులాట పాట. దానిలోకి చలికాలం, వసంతం వచ్చింది ఇంగ్లీషు మాటలు రాసిన ఆలన్, మార్లిన్ బర్గ్‌మన్ దంపతుల వల్ల. ఎవాన్స్ 1976లో టోనీ బెన్నెట్ పక్కన కూర్చుని ఆ ఇంగ్లీషు మాటలతో సహా దీన్ని వాయించాడు. మర్నాటి ఏడు ఆగస్టులో మాటలు తీసేసి ట్రియోతో వాయించాడు. మాటలు పోయేసరికి చలికాలమూ పోయింది, ట్యూన్‌లోని అసలు పని మిగిలింది. ఒక చిన్న వరస పుడుతుంది, అదే వరస ఇంకో మెట్టు మీద నిలబడి మళ్ళీ చూస్తుంది, అక్కడా లేదు, ఇంకో మెట్టు. గది గదికీ వెళ్ళి తలుపు తీసి చూసినట్టు. ఏమీ తెలియని కరీంనగర్ కుర్రాడికి ప్యాంట్రీలో, రాత్రి రెండింటికి, వినపడింది ఇదే. అట్ట మీది పేరు చదివి, చావుల జాబితా చదివి, అన్నీ తెలిసిన నాకు వినపడింది మంచు.

చలికాలాన్ని ఈ రికార్డులోకి తెచ్చినవాళ్ళు ఇంకొందరున్నారు. 2003లో దీన్ని మళ్ళీ విడుదల చేసినప్పుడు మూడు ట్రాకులు అదనంగా చేర్చారు. అదే స్టూడియో, అవే ఆగస్టు రోజులు, అదే ముగ్గురు. ‘వితౌట్ ఎ సాంగ్’, ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’, ‘ఆల్ ఆఫ్ యూ’. వినండి. హుషారు. ఎవాన్స్ పరిగెడతాడు, జిగ్మండ్ తోస్తాడు. ఇందులో ‘ఫ్రెడీ ఫ్రీలోడర్’కి చిన్న తమాషా ఉంది. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చేసినప్పుడు ఆ రికార్డు మొత్తానికి పియానిస్ట్ ఎవాన్సే, ఈ ఒక్క పాటకి తప్ప. దీనికి మాత్రం విన్టన్ కెలీని కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఎవాన్స్ ఆ పాటని తనే వాయించాడు. ఎల్‌పీలో దానికి చోటివ్వలేదు. ఈ మూడూ ఉంటే రికార్డు ఇంకోలా ఉండేది. ఆ మూడు రోజులు స్టూడియోలో నవ్వులూ ఉన్నాయి, పాత లెక్కలు సరిచూసుకోవడమూ ఉంది. ఏడు పాటలు ఏరి, హుషారైనవి పక్కన పెట్టి, ఈ వరసలో పేర్చాక అది చలికాలం అయింది. నేను దాన్ని తప్పనను. ఆ ఏరిక గొప్ప ఏరిక, అదనపు ట్రాకులు మొదలవగానే నేనూ ఆపేస్తాను. కానీ కూర్పు ఒకటి, శోకం ఒకటి. రెండిటినీ కలిపేసి ఇది ఎవాన్స్ మరణవాంగ్మూలం అనడం ఆ పియానిస్టుకి అన్యాయం. ‘మ్యాష్’ పాటని ఆ తర్వాతి మూడేళ్ళూ కచేరీల్లో వాయిస్తూనే ఉన్నాడు, అదీ ఉత్సాహంగా.

ఇదంతా తెలిశాక అతనికి చెబుదామనుకున్నాను. నువ్వన్నదే కరెక్టు, అది దేవులాట పాటే అని. కానీ మళ్ళీ కథ చెప్పడమే అవుతుంది కదా. అందుకని పోయిన డిసెంబరులో ఏమీ రాయకుండా ఇంకో రికార్డు లింకు పంపాను. స్వీడన్ పియానిస్ట్ యాన్ యోహాన్సన్ చేసిన ‘జాజ్ పో స్వెన్‌స్కా’. స్వీడిష్‌లో జాజ్ అని అర్థం, 1964లో వచ్చింది. ఆ దేశపు పల్లెపాటలని తీసుకుని పియానో, బాస్ మీద వాయించారు, అంతే. బాస్ గేయోర్గ్ రీడెల్. డ్రమ్స్ లేవు. మొదటి పాట డాలర్నా ప్రాంతపుది. యోహాన్సన్ కుడిచెయ్యి ఆ పాటని దాదాపు ఉన్నదున్నట్టు పలుకుతుంది, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూనిరాగం తీసినట్టు, ఎక్కడా గారడీ చెయ్యదు. జాజ్ అంటే ట్యూన్‌ని విప్పి చూపించడం అని నేర్చుకున్న చెవికి మొదట్లో ఏమీ జరగట్లేదు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మూడోసారి విన్నప్పుడు తెలిసింది, జరిగేదంతా పాట వెనకాల జరుగుతోందని. రీడెల్ బాస్ అప్పుడప్పుడు ఒక్క స్వరం వదిలి నడుస్తాడు, ఆ లోటులో పల్లెపాటకి బ్లూస్ నీడ పడుతుంది. ఎవాన్స్‌లో ఖాళీ ఉంటే లోపల ఏదో జరుగుతున్నట్టుంటుంది. ఇక్కడ ఖాళీ ఖాళీగానే ఉంటుంది, అవతలి ఒడ్డు కనపడే చెరువులా. మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దుగూకే డిసెంబరు ఆ దేశానిది. ఈయన దాన్ని ఏడవడానికి కారణంగా చూడలేదు. ఆ చీకట్లో చేసుకునే రోజువారీ పనిలా వాయించాడు.

యోహాన్సన్ ఇంజనీరింగ్ చదువుతూ మధ్యలో వదిలేసి జాజ్‌లోకి వచ్చాడు. మనలో చాలామంది డిగ్రీ పూర్తిచేసి మరీ అనుకునే పని. పిప్పి లాంగ్‌స్టాకింగ్ టైటిల్ పాట ట్యూన్ కూడా ఈయనదే. మిగతా కథ ఇక్కడ రాయను. కావాలంటే రికార్డు విన్నాక చూసుకోండి.

లింకుకి వారం దాకా జవాబు లేదు. రెండు నీలం టిక్కులు మాత్రం ఉన్నాయి. అతను అప్పటికి వేరే కంపెనీకి మారాడు. ఎనిమిదో రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. స్వీడన్ రికార్డు గురించి కాదు.

“అన్నా ఆ నాలుగో పాట ఉంది కదా. నువ్వు జెప్పిన ఎవాన్స్‌ది. అది రికార్డ్ జేసింది 77ల. వాళ్లన్న పోయింది 79 ఏప్రిల్‌ల. అప్పటికి బతికే ఉన్నడు కదన్నా.”

నేను చాలాసేపు ఆ మెసేజ్ వంకే చూస్తూ కూర్చున్నాను. ఆ తేదీలు నాకు తెలియనివి కావు. రెండూ విడివిడిగా తెలుసు. పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే నా కథకి అవి అలా అక్కర్లేదు. నా కథలో హ్యారీ మొదటినుంచీ చచ్చిపోయే ఉన్నాడు.

ఆ రాత్రి నాలుగో ట్రాక్ మళ్ళీ పెట్టాను. నాలుగు నిమిషాలు. మళ్ళీ కలుద్దాం. లూసియానాలో బాటన్ రూజ్‌లో పిల్లలకి సంగీతం చెప్పుకునే అన్న, ఊరూరా తిరిగే తమ్ముడు. 1966లో ఇద్దరూ కూర్చుని సంగీతం గురించి మాట్లాడుకున్న ఒక డాక్యుమెంటరీ ఉంది. అన్న ప్రశ్నలడుగుతాడు. లోకమంతా గొప్పవాడనుకునే తమ్ముడు, అన్నకి లెక్క అప్పజెప్పినట్టు ఓపిగ్గా పియానో మీద వాయించి చూపిస్తాడు. ఆ ఇద్దరిలో ఒకరు ఇంకొకరికి మళ్ళీ కలుద్దాం అంటే బస్టాండులో అనే మాటే, ఫోన్ పెట్టేసే ముందు అనే మాటే. ఆ పాటలో ఎవాన్స్ ఎక్కడా బరువుగా నొక్కడు. బ్రష్‌లు కదులుతూనే ఉంటాయి. వెనక్కి చూసే పాట కాదు అది.

కావాలంటే పోల్చి చూడొచ్చు. 1979 ఆగస్టులో, హ్యారీ పోయిన నాలుగు నెలలకి, ఎవాన్స్ ఇదే పేరుతో ఇంకో ఆల్బమ్ చేశాడు, అన్నకి అంకితమిస్తూ. ట్రంపెట్, శాక్సఫోన్ కూడా ఉన్న ఐదుగురి బృందంతో. అందులో ఈ పాట వచ్చేసరికి మాత్రం మిగతా నలుగురూ వాయించరు. పియానో ఒక్కటే, చిన్న ముక్క. అదే ట్యూన్. 1977లో బాస్ చూసుకుంటాడులే అని వదిలేసిన అడుగు స్వరాలని ఇప్పుడు తనే వాయించుకోవాలి. చలికాలం ఎక్కడుంది అని నన్నిప్పుడు ఎవరైనా అడిగితే ఈ రెండోదే చూపిస్తాను. అదీ ఆగస్టే. ఏ వింటర్ ప్లేలిస్టులోనూ నాకిది తగల్లేదు.

ఇవేవీ అతనికి రాయలేదు. “అవును, బతికే ఉన్నాడు” అని మాత్రం పంపాను. కాసేపటికి ఇంకో మెసేజ్.

“స్వీడన్‌ది గూడ మంచిగుందన్నా. ఆయన ఉన్నడా?”

టైప్ చేశాను, చెరిపేశాను. మళ్ళీ టైప్ చేశాను.

“ఎంతవరకు విన్నావ్?”

“మొదటిదే. నాలుగుసార్లు.”

“రెండోది విను ముందు” అని పెట్టాను.